సమన్లొచ్చినయి, వకీలుకు పైసల్లేవు: ఏం జెయ్యాలె?

మన ఊర్లల్ల సివిల్ కేసంటే మస్తు సార్లు నోటు కేసే. అప్పు తెచ్చుకునేనాడు ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టిచ్చుకుంటరు. రెండేండ్లకో మూడేండ్లకో కోర్టు సమన్లొస్తయి. గప్పుడు మనోళ్లు రెండు తీర్ల చేస్తుండ్రు. కొందరు భయపడి ఆ కాయితం సందుగల పెడ్తరు. ఇంకొందరు 'వకీలుకు వేలకు వేలు యాడికెల్లి తేవాలె, నేనే పోయి జడ్జి సారుకు ఉన్నదున్నట్టు చెప్త' అని ఒక్కలే పోతరు.

మన కేసు మనమే చెప్పుకోవచ్చు, తప్పేం లేదు. నేను లా చదువలే గని, ఇసొంటి కాయితాలు చదువుకుంట చదువుకుంట ఒకటి తెలుసుకున్న. సివిల్ కోర్టుల ఉత్త నోటిమాట నడవది. సమన్లు అందినంక 30 రోజులల్ల రాతపూర్వకంగ జవాబు ఎయ్యాలె. లేటయితే కారణం చెప్పి 90 రోజుల దాకా అడగొచ్చు. వాయిదాకు పోకుంటే ఎక్స్‌పార్టీ చేస్తరు. అంటే నీ మాట ఇనకుండనే డిక్రీ అయితది.

పోయినా ఇంకో మెలిక ఉన్నది. 'సంతకం నాదే సార్, కని అన్ని పైసలు నాకు ముట్టలే' అన్నవనుకో. నీకది నిజం. చట్టం మాత్రం సంతకం నీదైతే పైసలు ముట్టినయనే అనుకుంటది. ముట్టలేదని చూపెట్టే బరువు నీ నెత్తిన పడ్తది. అవతలి సాక్షిని ఏమడగాలె, ఏ కాయితం తెప్పియ్యాలె, ఇది ఒక్కనితోటి అయ్యే పని కాదు.

అరుణాచల్ ప్రదేశ్‌ల సుఖ్‌దాస్ అనేటాయన క్రిమినల్ కేసు వకీలు లేకుండనే నడిచి శిక్ష పడ్డది. 1986ల సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. ఫ్రీ వకీలు దొరుకుతడని ఆయనకు చెప్పాల్సింది కోర్టే, ఆయన అడగలేదనే సాకు చెల్లదన్నది. అది క్రిమినల్ సంగతి. నోటు కేసుల, భూమి కేసుల పిలిచి చెప్తరని కూసోవద్దు, మనమే అడగాలె.

ఎవరికిస్తరంటే, ఆడోళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు, ఫ్యాక్టరీ కార్మికులకు, జైల్ల ఉన్నోళ్లకు, వరదల అసొంటి ఆపదల నష్టపోయినోళ్లకు ఆదాయంతోటి సంబంధం లేదు. 1987 చట్టంలనే రాసున్నది. మిగిలినోళ్లకు ఆదాయం పరిమితి ఉంటది. దానికి నీ ఆదాయం ఇంత అని అఫిడవిట్ ఇస్తే మామూలుగ సరిపోతది. వకీలొక్కడే కాదు, కోర్టు ఫీజు, నకళ్ల ఖర్చు కూడా ఆళ్లే చూసుకుంటరు.

జిల్లా కోర్టు ఆవరణల జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటది. మీ దగ్గరి కోర్టుల మండల కమిటీ ఉన్నదా అడుగుండ్రి. రాయరాకుంటే నోటితో చెప్పినా దరఖాస్తు ఆళ్లే రాసుకుంటరు. పోలేనోళ్లు 15100కు ఫోన్ చెయ్యొచ్చు. కేసు సగం నడిచినంక కూడా అడగొచ్చు. వకీలొద్దు, నేనే చెప్పుకుంట అనేటోళ్లు సుత ఉత్త సలహా కోసం పోవచ్చు.

ఫ్రీ వకీలంటే పట్టించుకోడని మనోళ్లకు అనుమానం. అది ఊరికెనే పుట్టలే. ఆళ్లకిచ్చే ఫీజు తక్కువ, వాయిదాకు రానోళ్లున్నరు. కని సంస్థ పెట్టిన వకీలు నీ దగ్గర పైస తీస్కోవద్దు. అడిగితే, లేదా కేసు చూడకుంటే, సంస్థ సెక్రటరీకి రాసిచ్చి వకీలును మార్చుమని అడుగు. ఆ సెక్రటరీ జడ్జే ఉంటడు.

లోక్ అదాలత్‌ల రాజీ పడుమంటే జర ఆగు. రాజీ అయితే కేసేసినోళ్లకు కోర్టు ఫీజు వాపసొస్తది, మంచిదే. కని సంతకం పెట్టినంక దాని మీద అప్పీలు లేదు. అంకెలన్నీ చదివిపిచ్చుకోని, ఇష్టముంటేనే పెట్టు. బలవంతం చేసే అధికారం ఎవ్వరికీ లేదు.

ఇప్పటికే ఎక్స్‌పార్టీ డిక్రీ అయితే, డిక్రీ తేదీ నుంచి 30 రోజులల్ల అదే కోర్టుల దాన్ని కొట్టెయ్యుమని పిటిషన్ ఎయ్యాలె. సమన్లు సరిగ్గ అందకుంటే, డిక్రీ సంగతి నీకు తెలిసిన నాటి నుంచి ఆ 30 రోజులు లెక్క. సందుగల పెట్టిన కాయితం ఉంటే ఇయ్యాలనే తీసి దాని మీది తేదీ చూడుండ్రి.