దవడలో నాటే పంటికి లోహమా, పింగాణీయా?

భావనపాడు, కళింగపట్నం, భీమునిపట్నం తీరాల్లో అల వెనక్కి తీసిన చోట నల్లగా మెరిసే ఇసుకను ఈ ప్రాంతంలో చూడనివారు వుండరు. ఇల్మనైటు, రూటైలు, జిర్కాను, గార్నెటు, మోనజైటు వంటి ఖనిజాలు ఆ ఇసుకలో కలిసి వున్నాయి. ఇల్మనైటు, రూటైలు టైటానియానికి ముడిసరుకు. జిర్కాను నుంచి జిర్కోనియం తీస్తారు. పన్ను ఊడిన చోట దవడ ఎముకలో బిగించే ఇంప్లాంట్ల విషయంలో ఇవాళ పోటీపడుతున్నవి సరిగ్గా ఈ రెండు వంశాలే. ఒకటి టైటానియం లోహం, రెండవది జిర్కోనియా అనే పింగాణీ.

మన ఇసుకే నేరుగా పన్నవుతుందని కాదు గాని, చుట్టరికం మాత్రం దగ్గరిదే. హైదరాబాదులో 1971లో ఏర్పడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ జిర్కోనియం మిశ్రమాన్ని అణు ఇంధనపు గొట్టాలుగా మలుస్తున్నది. 1973లో నెలకొల్పిన మిధాని టైటానియం మిశ్రమాలు తయారుచేస్తున్నది.

లోహం ఎముకతో కలిసిపోతుందని తెలిసింది అనుకోకుండానే. స్వీడన్ శాస్త్రజ్ఞుడు బ్రానెమార్క్ 1950 దశకంలో కుందేలు కాలి ఎముకలో రక్తప్రసారాన్ని పరిశీలించటానికి చిన్న టైటానియం గొట్టం అమర్చాడు. పరిశీలన అయ్యాక తీయబోతే అది ఊడి రాలేదు. ఎముక దాన్ని కరచి పట్టుకున్నది. 1965లో ఆయన తొలిసారి ఒక మనిషి దవడలో టైటానియం స్క్రూలు నాటాడు. ఆ రోగి 2006లో కన్నుమూసే వరకు, అంటే నలభై ఏళ్ళకు పైగా, అవి పనిచేశాయి. టైటానియానికి ఇంతటి పాత సాక్ష్యం వున్నది. జిర్కోనియా ఇంకా అంత వయసు చూడలేదు.

పింగాణీ పన్ను కూడా నిన్నమొన్నటి ఆలోచన కాదు. 1960, 70 దశకాల్లోనే యూరప్‌లో అల్యూమినాతో ఇంప్లాంట్లు చేసి చూశారు. ఎముక వాటిని అంగీకరించింది గాని, నమిలే ఒత్తిడికి కొన్ని పుటుక్కున విరిగాయి. తరువాత వచ్చిన జిర్కోనియాలో కొద్దిగా ఇట్రియం ఆక్సైడు కలుపుతారు. దానిలో బీట మొదలైతే ఆ చోట రేణువులు కాస్త ఉబ్బి బీటను నొక్కి ఆపుతాయి. పింగాణీలలో ఇంత గట్టిది అరుదు. మన బజార్లలో అమ్మే అమెరికన్ డైమండ్ రాళ్ళు కూడా దీని దాయాదులే. అయితే తేమలో ఏళ్ళతరబడి వుంటే కొన్ని రకాల జిర్కోనియా బలం తగ్గవచ్చు. 2001లో తుంటి కీళ్ళకు వాడిన జిర్కోనియా బంతులు కొన్ని విరగటంతో ఆ సరుకును వెనక్కి తీసుకోవలసి వచ్చింది. లోపం పదార్థానిది కాదు, కాల్చే పద్ధతిలో చేసిన మార్పుది. పింగాణీ విషయంలో తయారీలో ఏమరుపాటు పనికిరాదనటానికి అదొక ఉదాహరణ.

ఇంతకూ మన పట్టణాల క్లినిక్కుల్లో "జిర్కోనియా పన్ను పెడతాం" అంటే చాలాసార్లు దాని అర్థం వేరు. ఎముకలోకి వెళ్ళే స్క్రూ టైటానియమే, దానిపై తొడిగే క్యాపు మాత్రం జిర్కోనియా. ఇందులో తప్పేమీ లేదు. అయితే రోగి తనకు లోహం లేని పన్ను పెట్టారనుకుని ఇంటికి పోతాడు. డబ్బు కట్టకముందే "స్క్రూ దేనితో చేసింది, క్యాపు దేనితో చేసింది?" అని విడివిడిగా అడగాలి.

లోహం నోట్లో వుంటే విషమన్నట్లు కొందరు ప్రచారం చేస్తున్నారు. గాలి తగలగానే టైటానియం మీద ఆక్సైడు పొర ఏర్పడుతుంది. దాని మందం వెంట్రుకలో పదివేలో వంతు. ఎముకకు తగిలేది ఆ పొరే. టైటానియం పడనివారు లేకపోలేదు గాని బహు అరుదు.

పింగాణీకి నిజమైన గెలుపు ముందుపళ్ళ దగ్గర. చిగురు పలచగా వున్నవారికి టైటానియం బూడిద రంగు లోపలినుంచి నీడలా కనిపిస్తుంది. జిర్కోనియా తెల్లగా వుండటంతో ఆ బెడద లేదు. దానికి పాచి తక్కువ పడుతుందని కూడా కొన్ని పరిశోధనల్లో తేలింది. వెనక దంతాల దగ్గర, ఎముక సన్నగా వుండి చిన్న స్క్రూ పెట్టవలసిన చోట, టైటానియానిదే పైచెయ్యి. లోహం కొద్దిగా వంగి ఒత్తిడిని ఓర్చుకుంటుంది, పింగాణీ విరుగుతుంది. పైగా జిర్కోనియా ఇంప్లాంట్లు చాలావరకు ఒకే ముక్కగా వస్తాయి. స్క్రూ వాలుగా పడితే సరిదిద్దుకునే వీలు తక్కువ. విరిగితే ఎముక తొలిచి తీయవలసి వస్తుంది. ఖరీదు కూడా ఎక్కువే.

ఏది పెట్టించుకున్నా ఎముక పట్టుకోవటానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. పొగతాగేవారికి, అదుపులేని చక్కెర వ్యాధి వున్నవారికి రెండూ విఫలమయ్యే ప్రమాదం ఎక్కువ. ఈ మాట చెప్పకుండా పదార్థం గురించే ఊదరగొట్టే చోట కాస్త ఆలోచించుకోవటం మంచిది.

ఇంప్లాంటు డబ్బాపై కంపెనీ పేరు, సైజు, బ్యాచి నెంబరు వున్న స్టిక్కరు వుంటుంది. దాన్ని అడిగి తీసుకుని రసీదుతోపాటు దాచుకోవాలి. పదేళ్ళ తరువాత స్క్రూ వదులై వేరే ఊళ్ళో వేరే డాక్టరు దగ్గరకు పోతే, దానికి సరిపోయే పనిముట్టు ఏదో ఆ కాగితం ముక్కే చెబుతుంది.