మ్యాపులో లేని వాల్వు

ఆ జనవరి రాత్రి చలి మైనస్ 22. ఒంటారియోలో నేను పనిచేసే నగరంలో నీళ్ల మెయిన్ పైపు పగిలి, రోడ్డంతా గడ్డ కట్టేస్తోంది. నీళ్లు ఆపడానికి వెళ్లిన సిబ్బందికి ట్యాబ్లెట్‌లో ఆ వీధి వాల్వు కనిపించలేదు. వాల్వు భూమిలో ఉంది, రిజిస్టరులోనూ ఉంది. మ్యాపులోనే లేదు. దాన్ని మాయం చేసింది నేనే.

అంతకు ఏడాది ముందు వరకు బ్యాంకుల కోసం జావా రాసుకునేవాణ్ని. నలభై మూడేళ్లకు ఉద్యోగం పోయింది. నీటి విభాగం రికార్డులను జీఐఎస్ మ్యాపుతో కలిపే కాంట్రాక్టు దొరికింది. మాస్టర్స్ చేసినవాణ్ని, డేటాబేసు నాకు కొత్తా అనుకున్నాను. ఆ ధీమా వారం కూడా నిలవలేదు.

పైపుల రిజిస్టరు ఒకచోట, మరమ్మతుల వర్క్ ఆర్డర్లు మరోచోట, మీటర్ల బిల్లింగ్ ఇంకోచోట. ఒకే వాల్వుకు మూడు చోట్లా మూడు నంబర్లు. పోనీ చిరునామాతో కలుపుదామంటే ‘ఎస్‌టీ’ అన్నది ఒక వరుసలో స్ట్రీట్, ఇంకో వరుసలో సెయింట్! కెనడా మెట్రిక్ కొలతలకు మారింది 1970లలో. అంతకు ముందటి డ్రాయింగుల్లో అన్నీ అంగుళాలే. అది చూసుకోకుండా లోడ్ చేస్తే ఆరంగుళాల పైపు ఆరు మిల్లీమీటర్లయి కూర్చుంది. సెలైన్ గొట్టంతో వీధి మొత్తానికి నీళ్లిస్తున్నట్టన్నమాట.

స్థానాలతో ఇంకో తంటా. పాత డ్రాయింగులు నాడ్27 ఆధారంగా గీసినవి, ఇప్పటి మ్యాపు నాడ్83. ఆ మార్పు చేయకపోతే యూటీఎం గ్రిడ్ మీద మా దగ్గర పైపు 200 మీటర్లకు పైగా జరిగి పక్క కాలనీలో తేలుతుంది.

రాత్రుళ్లు పోస్ట్‌గ్రెస్, పోస్ట్‌జీఐఎస్ నేర్చుకున్నాను. పోస్ట్‌జీఐఎస్ పుట్టింది ఈ దేశంలోనే. విక్టోరియా నగరంలోని రిఫ్రాక్షన్స్ రీసెర్చ్ 2001లో విడుదల చేసింది. 1960లలో రోజర్ టామ్లిన్సన్ జీఐఎస్‌కు పునాది వేసిందీ కెనడాలోనే. పోస్ట్‌జీఐఎస్, క్యూజీఐఎస్ రెండూ ఉచితం. టొరంటో లాంటి నగరాలు తమ డేటాను అందరికీ తెరిచిపెట్టాయి. ఉద్యోగం వెతుక్కుంటున్న మనవాళ్లు ఆ డేటాతోనే సాధన చేయొచ్చు.

నా తప్పు ఒక్క మాటలో ఉంది. రెండు పట్టికలను ఇన్నర్ జాయిన్‌తో కలిపాను. రెండు వైపులా నంబరు కుదిరిన వాల్వులే మిగిలాయి, కుదరనివి చప్పుడు లేకుండా రాలిపోయాయి. ఎర్రర్ రాలేదు, మ్యాపు అందంగా వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు కూడా.

ఆ రాత్రి ఆదుకున్నది రిటైర్మెంటుకు దగ్గరపడ్డ ఫోర్‌మన్. జేబులోంచి నోట్‌బుక్ తీసి, ఫలానా ఇంటి కంచె నుంచి ఇన్ని అడుగులు అని కొలిచి, మంచు తవ్వించాడు. మా ఊళ్లో నీళ్లు వదిలే లైన్‌మన్ గుర్తొచ్చాడు. ఏ వాల్వు ఎన్ని చుట్లు తిప్పాలో అతనికొక్కడికే తెలుసు. అతను సెలవు పెడితే మా వీధికి నీళ్లు లేవు!

మర్నాడు నా తప్పు నేనే ఒప్పుకున్నాను. లెఫ్ట్ జాయిన్‌కు మార్చాక, జత కుదరని వాల్వులు మూడు వందలకు పైగా బయటపడ్డాయి. అప్పట్నుంచి కలపక ముందు ఎన్ని వరుసలు, కలిపాక ఎన్ని అని లెక్క చూడకుండా ఏదీ మ్యాపు ఎక్కించను. కాల్గరీలో 2024 జూన్ 5న పగిలిన ఒక్క పైపు ఆ నగరం శుద్ధి చేసిన నీటిలో దాదాపు 60 శాతం మోసేది. వేసింది 1975లో. అలాంటి వయసు పైపులు మా రిజిస్టరులోనూ ఉన్నాయి.

మంచు కరిగాక ఫోర్‌మన్ నోట్‌బుక్, నా జీపీఎస్ పట్టుకుని వీధులన్నీ తిరిగాం. చాలావరకు దొరికాయి. కొన్ని కొత్త తారు కింద ఉండిపోయాయి. వాటిని తీసేయలేదు, మ్యాపులో ఎర్ర ప్రశ్నార్థకంతో ఉంచాం. ఆయన పోయిన వేసవిలో రిటైరయ్యాడు. నోట్‌బుక్ నా బల్ల సొరుగులో ఉంది, ఇంకా పదకొండు పేజీలు ఎక్కించాలి.