ముప్ఫై దగ్గరపడినా మొటిమలు పోవడం లేదా? ముందు ఆ ట్యూబు పక్కన పెట్టండి

సోనాపూర్ క్యాంపులో ఒక రూము. రాత్రి ఎనిమిదిన్నర. స్నానాలు అయిపోయాయి, కిచెన్‌లో కుక్కరు కూత వేస్తోంది. పై మంచం మీద జగిత్యాల వైపు తమ్ముడు ఒకడు ఫోన్లో తన ముఖం తనే చూసుకుంటున్నాడు. వయసు 29. రెండు నెలల్లో వెకేషన్, ఇంటికి పోగానే పెళ్లిచూపులు. వీడియో కాల్ చేసినప్పుడల్లా తల్లి ఒకటే మాట: "మొకం గట్లైందేందిరా?"

కింది మంచం అన్న ఊరి నుంచి తెచ్చిన ట్యూబు ఒకటి ఇచ్చాడు. "ఇది రాయి, వారంలో తగ్గుతది" అన్నాడు. నిజంగానే తగ్గింది. ఎరుపు పోయింది, రంగు కూడా తేలినట్టు అనిపించింది. మూడు నెలలు రాశాడు. ఇప్పుడు ఒక్క రోజు మానేస్తే చాలు, ముఖమంతా మంట. సైట్లో ఎండ తగిలితే కారం పూసినట్టు ఉంటుంది. మొటిమలు ముందుకంటే రెట్టింపయ్యాయి. మళ్లీ రాస్తే తగ్గుతాయి, ఆపితే లేస్తాయి.

పేర్లు, ఊర్లు మార్చుకుంటే ఇది చాలా రూముల కథే. మొటిమ కంటే ఎక్కువ నష్టం చేసింది ఆ ట్యూబు. ఈ వారం మాట్లాడుకునేది దాని గురించే.

చర్మ డాక్టరు దగ్గరికి పోవాలంటే ఒక రోజు డ్యూటీ పోతుంది. పైగా ఫీజు, దారి ఖర్చు. "మొటిమకి ఇంత ఎందుకులే" అని ఊరుకుంటాం. అందులో తప్పులేదు. మామూలు మొటిమలను చర్మ డాక్టరు లేకుండానే చాలావరకు అదుపులో పెట్టుకోవచ్చు. కాకపోతే రెండు సంగతులు తెలిసి ఉండాలి. ఏది రాయకూడదు? రాయాల్సింది ఎన్నాళ్లు రాయాలి?

మురికి వల్ల వచ్చేవి కావు

మొటిమలు పద్దెనిమిదేళ్ల పిల్లలకే వస్తాయని అనుకుంటాం. పాతికేళ్లు దాటాక, ముప్ఫైల్లో, నలభైల్లో కూడా వస్తాయి. మన చర్మంలో వెంట్రుకల కుదుళ్ల దగ్గర నూనె గ్రంథులు ఉంటాయి. ఆ నూనె, చచ్చిన చర్మపు పొట్టు కలిసి రంధ్రాన్ని మూసేస్తాయి. లోపల సూక్ష్మక్రిములు పెరుగుతాయి, వాపు వస్తుంది. అదే మొటిమ. ముఖం మురికిగా ఉండడం వల్ల వచ్చేది కాదు. అందుకే రోజుకు ఆరుసార్లు సబ్బుతో రుద్దినా పోదు. రుద్దేకొద్దీ చర్మం పొడిబారి మరింత ఎర్రబడుతుంది.

అయితే మన పనుల వల్ల, మన అలవాట్ల వల్ల ఎక్కువయ్యే మాట నిజం.

హెల్మెట్ పట్టీ, లోపలి చెమట బ్యాండు రోజంతా నుదురుకు, గడ్డానికి రాసుకుంటుంటే సరిగ్గా అక్కడే మొటిమలు లేస్తాయి. చెమట బ్యాండును వారానికి రెండు మూడుసార్లు ఉతకండి. ఒకరి హెల్మెట్ ఒకరు పెట్టుకోవద్దు. లోపల పలచటి కాటన్ గుడ్డ కట్టుకుని, దాన్ని రోజూ మార్చండి.

తలకు కొబ్బరినూనె దట్టంగా రాసుకుని డ్యూటీకి పోయే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఎండలో ఆ నూనె నుదుటి మీదికి కారుతుంది. నుదుటి మీదే మొటిమలు ఎక్కువగా ఉంటే ముందు ఈ అలవాటు మార్చి చూడండి. నూనె రాయాలనుకుంటే సెలవు రోజు రాసుకుని తలస్నానం చేసేయండి.

గ్యారేజీల్లో, మెషీన్ల దగ్గర పనిచేసేవాళ్లకు ముంజేతుల మీద, తొడల మీద నల్లటి చుక్కలతో గుల్లలు వస్తుంటాయి. గ్రీజు, ఇంజిన్ ఆయిల్ పట్టిన కవరాల్ రోజుల తరబడి ఒంటికి అంటుకుని ఉండడమే కారణం. నూనె పట్టిన బట్టలు మార్చకపోతే ఎన్ని మందులు రాసినా అవి పోవు. థిన్నర్‌తో, డీజిల్‌తో చేతులు, ముఖం కడగడం అసలే వద్దు. ఇది పని వల్ల వచ్చిన జబ్బు కాబట్టి ఫోర్‌మన్‌కు చెప్పి రెండో కవరాల్ అడగడంలో సిగ్గుపడాల్సింది లేదు.

జిమ్ముకు పోయే తమ్ముళ్లకు ఒక మాట. కండలు పెరగడానికి ఎవరో ఇచ్చే ఇంజెక్షన్లు, మాత్రలు వీపు నిండా మొటిమలు తెస్తాయి. కొందరికి వే ప్రోటీన్ పొడితో కూడా ఎక్కువవుతాయి. వాడుతుంటే కొన్నాళ్లు ఆపి చూడండి.

ట్యూబు మీద పేరు చదవండి

రూముల్లో చేతులు మారే ట్యూబుల్లో చాలావాటిలో ఉండేది స్టిరాయిడ్. ఒంటి మీది కొన్ని జబ్బులకు డాక్టర్లు కొద్ది రోజులకు రాసిచ్చే మంచి మందే అది. మొటిమలున్న ముఖానికి మాత్రం పనికిరాదు. వాపును అణిచేస్తుంది కాబట్టి మొదటి వారం అద్భుతంగా అనిపిస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, సన్నటి ఎర్రటి నరాలు బయటపడతాయి, కొత్త మొటిమలు గుంపులుగా వస్తాయి. ఆపగానే మంట, ఎరుపు తిరగబడతాయి. మన దేశంలో ఇది ఎంత పెరిగిందంటే 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి 14 స్టిరాయిడ్ మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ఉత్తర్వు ఇచ్చింది. అయినా మన సూట్‌కేసుల్లో వస్తూనే ఉన్నాయి.

గుర్తుపట్టడం కష్టం కాదు. ట్యూబు మీద బ్రాండు పేరు కింద చిన్న అక్షరాల్లో మందు పేరు ఉంటుంది. బీటామెథసోన్, మొమెటాసోన్, క్లోబెటసోల్, బెక్లోమెథసోన్, ఫ్లూసినోలోన్. ఇలా "సోన్", "సోల్", "లోన్" అని ముగిసే పేరు కనిపిస్తే ముఖానికి రాయకండి. "జోల్" అని ముగిసేవి వేరు, అవి ఎక్కువగా తామర మందులు. ఒకే ట్యూబులో "సోన్", "జోల్" రెండూ కలిసి ఉంటే దాన్ని కూడా ముఖానికి తగలనివ్వొద్దు. చదవడం రాకపోతే మెడికల్ షాపులో చూపించి "ఇందులో స్టిరాయిడ్ ఉందా?" అని హిందీలోనే అడగండి. చెప్తారు.

పేరూ ఊరూ లేని తెల్లబరిచే క్రీముల సంగతి ఇంకా ఘోరం. కొన్నింటిలో పాదరసం ఉంటుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో అలాంటి క్రీములు వాడినవాళ్లకు కిడ్నీ జబ్బు వచ్చిందని అక్కడి డాక్టర్లు బయటపెట్టారు. తెల్లగా కావాలని రాస్తే పోయేది కిడ్నీ.

ఇప్పటికే నెలల తరబడి స్టిరాయిడ్ రాస్తున్నవాళ్లు ఒక్కసారి డాక్టరు సలహా తీసుకుని మానడం మంచిది. ఆపాక కొన్ని వారాలు ముఖం మండుతుంది, చూడ్డానికి భయం వేస్తుంది. అది చూసి మళ్లీ అదే ట్యూబు పట్టుకుంటే మొదటికి వస్తారు.

నిమ్మరసం, టూత్‌పేస్టు, వంటసోడా, డెటాల్ కూడా ముఖానికి వద్దు. చర్మం కాలి మచ్చ మిగులుతుంది.

పనిచేసే మందులు రెండు

మొదటిది బెంజాయిల్ పెరాక్సైడ్. ఇది మొటిమలోని క్రిములను చంపుతుంది. 2.5 శాతం సరిపోతుంది. 10 శాతం తెచ్చుకుంటే ఫలితం పెద్దగా పెరగదు, మంట మాత్రం పెరుగుతుంది. దీనికి ఒక చెడ్డ గుణం ఉంది, తగిలిన బట్ట రంగు పోతుంది. కంపెనీ యూనిఫాం, తువ్వాలు, దిండు కవరు జాగ్రత్త. అందుకే మనలాంటివాళ్లకు ఫేస్‌వాష్ రూపంలో దొరికేది మేలు. సాయంత్రం స్నానం చేసేటప్పుడు ముఖానికి, ఛాతీకి, వీపుకు రాసి రెండు మూడు నిమిషాలు ఉంచి కడిగేయాలి. ఈ ట్యూబును ఎండలో, బస్సులో, కిటికీ దగ్గర పెట్టకండి. వేడికి ఈ మందు విరిగి బెంజీన్ అనే హానికరమైన పదార్థం పుడుతుంది. ఏసీ రూములో లాకర్‌లో పెట్టండి, తేదీ దాటినది పారేయండి.

రెండోది అడాపలీన్ 0.1 శాతం జెల్. మూసుకుపోయే రంధ్రాలను తెరిచి ఉంచుతుంది. రాత్రి పడుకునే ముందు, ముఖం కడిగి పూర్తిగా ఆరాక, శనగ గింజంత తీసుకుని మొటిమలు వచ్చే చోటంతా పలచగా రాయాలి. ఒక్క మొటిమ మీద చుక్క పెట్టడం కాదు. కంటి చుట్టూ, పెదవుల మూలల్లో వద్దు. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు రాయండి. కొంచెం పొట్టు లేస్తుంది, చురుక్కుమంటుంది. కంగారుపడొద్దు. మరీ మండితే మూడు రోజులకోసారి రాయండి.

రెండు మందులూ ఒకే రోజు మొదలుపెట్టకండి. ముందు ఒకటి, మూడు నాలుగు వారాలయ్యాక రెండోది.

ఇక అసలు సంగతి. ఈ మందులు వారంలో తగ్గించవు. 8 నుంచి 12 వారాలు పడుతుంది. అడాపలీన్‌తో మొదటి నెలలో కొందరికి కాస్త పెరిగినట్టు కూడా ఉంటుంది. అక్కడే చాలామంది వదిలేసి పక్క మంచం ట్యూబు అందుకుంటారు. మూడు రోజుల్లో తగ్గించేది మూడు నెలల్లో ముంచుతుంది, మూడు నెలలు తీసుకునేది నిలుస్తుంది. తగ్గాక కూడా ఆపేయకుండా కొనసాగిస్తేనే మళ్లీ రావు.

రోజూ చేయాల్సింది ఇంతే

పొద్దున, డ్యూటీ నుంచి వచ్చాక, ఈ రెండుసార్లు ముఖం కడిగితే చాలు. మంట పెట్టని మెత్తటి సబ్బు వాడండి. వేసవిలో ట్యాంకు నీళ్లు మసులుతుంటాయి. ఆ నీళ్లు ముఖాన కొట్టుకోవద్దు. రాత్రే బకెట్ నింపి పెట్టుకుంటే పొద్దున్నకి చల్లబడతాయి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఎండలో పనికి మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు విరామం ఉంటుంది. అప్పుడు సబ్బు లేకుండా చల్లటి నీళ్లతో కడిగి, చెమట తడి బట్టలు మార్చుకోండి.

నూనె లేని మాయిశ్చరైజర్ ఒకటి పలచగా రాస్తే మందుల మంట తట్టుకోవచ్చు. మొటిమ తగ్గాక మిగిలే నల్లమచ్చ ఎండ తగిలితే ఇంకా నల్లబడుతుంది. సన్‌స్క్రీన్ కొనగలిగితే మంచిదే, లేకపోతే శుభ్రమైన కాటన్ గుడ్డ ముఖానికి వదులుగా కట్టుకోండి.

దిండు కవరు వారానికోసారి ఉతకండి. తువ్వాలు, రేజరు ఎవరిది వాళ్లదే. రేజరు పంచుకుంటే మొటిమల కంటే పెద్ద జబ్బులు, హెపటైటిస్ బీ లాంటివి వస్తాయి. గిల్లడం మానండి. గిల్లిన మొటిమే గుంట అవుతుంది.

అన్నీ మొటిమలు కావు

ఛాతీ మీద, వీపు మీద అన్నీ ఒకే సైజులో సన్నటి గుల్లలు వచ్చి, చెమట పడితే దురద పెడుతుంటే అది చెమటలో పెరిగే ఫంగస్ కావచ్చు. దానికి మొటిమల మందు పనిచేయదు. కీటోకొనజోల్ షాంపూ గురించి ఫార్మసిస్టును అడగండి.

ఇలా ఉంటే మాత్రం డాక్టరు దగ్గరికే

లోతుగా, గట్టిగా, నొప్పితో గడ్డలు వస్తున్నా, గుంటలు పడుతున్నా, జ్వరం వచ్చినా, ముక్కు, పై పెదవి దగ్గర గడ్డ వాచి కంటి వైపు పాకుతున్నా ఆలస్యం చేయొద్దు. మూడు నెలలు సరిగ్గా రాసినా ఏమాత్రం తగ్గకపోయినా అంతే. ఇళ్లల్లో పనిచేసే అక్కచెల్లెళ్లకు మొటిమలతో పాటు నెలసరి తప్పుతుంటే హార్మోన్ల పరీక్ష అవసరం. గర్భంతో ఉన్నవాళ్లు అడాపలీన్ వాడకూడదు. ఐసోట్రెటినోయిన్ మాత్రలు డాక్టరు చీటీ లేకుండా ఎవరూ మింగొద్దు. గర్భంతో ఉన్నవాళ్లు వేసుకుంటే బిడ్డకు అవకరాలు వస్తాయి.

2025 జనవరి 1 నుంచి యూఏఈలోని ఏడు ఎమిరేట్లలోనూ ప్రైవేటు ఉద్యోగులకు ఆరోగ్య బీమా తప్పనిసరి. దాని ఖర్చు యజమానిదే. మొటిమల వైద్యాన్ని కొన్ని పాలసీలు అందం ఖర్చు కింద తీసేస్తాయి. కాబట్టి నేరుగా చర్మ డాక్టరు దగ్గరికి పోకుండా ముందు కార్డు పట్టుకుని మామూలు డాక్టరుకు చూపించండి. మామూలు మొటిమలకు మందు ఆయనే రాసివ్వగలడు. స్టిరాయిడ్ మాన్పించడం కూడా ఆయనతో మొదలుపెట్టొచ్చు.

పెళ్లిచూపులకు పోయే తమ్ముడికి ఒక మాట. రెండు నెలల్లో ముఖం అద్దంలా కాదు. ఆ ట్యూబు మానితే కొన్ని వారాలు ఇంకా ఎర్రగా కనిపించవచ్చు. కాబట్టి అమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పేయ్: "ఎండకు, చెమటకు అయింది, తప్పు మందు రాసుకున్న, ఇప్పుడు సక్కగ చూపించుకుంటున్న." వినే తల్లికి ఆ మాట చాలు. ఇక ట్యూబు ఇచ్చిన అన్న కూడా చెడ్డవాడు కాడు, సాయం చేద్దామనే ఇచ్చాడు. ఈ రాత్రి ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని ట్యూబు మీది చిన్న అక్షరాలు ఇద్దరూ కలిసి చదవండి.