పాత డీజిల్‌ బండికి బలం.. పొగలో కాదు, గాలిలో!

ఎత్తు వస్తే చాలు ఆయాసం.. వెనుక నల్లటి పొగ.. మూడో గేరు నుంచి రెండుకు, రెండు నుంచి ఒకటికి. ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్‌ జిల్లాల్లో ఇప్పటికీ తిరుగుతున్న పాత ఇండికా, సుమో, క్వాలిస్‌, జీపుల యజమానులకు ఇది నిత్యం ఎదురయ్యే తంతు. కొత్త బండి కొనే స్తోమత లేనివారు ఉన్న ఇంజిన్‌కే తక్కువ ఖర్చుతో బలం పెంచుకోవాలని చూస్తున్నారు. పంపు స్క్రూ తిప్పించేవారు కొందరు, తుక్కు దుకాణాల్లో టర్బో కోసం వెతికేవారు మరికొందరు. పనుల వరుస తప్పితే పికప్‌ మాట అటుంచి, ఇంజిన్‌ దింపి బోరు పని చేయించాల్సి వస్తుంది. బండి మీదే కుటుంబం గడిచేవారికి ఆ దెబ్బ నుంచి కోలుకోవడం కష్టం.

గాలి ఎంతో.. బలం అంతే

పెట్రోలు ఇంజిన్‌లో యాక్సిలరేటర్‌ తొక్కితే గాలి దారి తెరుచుకుంటుంది. పాతతరం డీజిల్‌ ఇంజిన్లలో చాలా వరకు గాలికి అలాంటి అడ్డు ఉండదు. తొక్కినకొద్దీ పెరిగేది డీజిల్‌ మాత్రమే. ఒక కిలో డీజిల్‌ కాలడానికి సుమారు 14.5 కిలోల గాలి అవసరం. సిలిండర్‌లో రెండూ సమంగా కలిసేంత వ్యవధి ఉండదు కనుక ఆచరణలో 18 నుంచి 20 కిలోలు ఉండాలి. గాలి అంతకన్నా తగ్గితే మిగిలిన డీజిల్‌ మసిగా మారి పొగ గొట్టం గుండా బయటకు పోతుంది. నల్లపొగ బలానికి గుర్తు కాదు.. సగం కాలి వృథా అయిన డీజిల్‌.

ఈ ప్రాంతపు ఎండలకూ ఇందులో పాత్ర ఉంది. 25 డిగ్రీల గాలితో పోలిస్తే 43 డిగ్రీల గాలి సుమారు 6 శాతం పలుచగా ఉంటుంది. మహబూబ్‌నగర్‌ పరిసరాలు సముద్ర మట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉండటంతో మరో 5 శాతం వరకు తగ్గుతుంది. అంటే మే నెల మధ్యాహ్నం టర్బో లేని బండి తన బలంలో పదో వంతు కోల్పోతుంది. తెల్లవారుజామున చురుగ్గా నడిచిన బండి మిట్టమధ్యాహ్నం నీరసించడంలో వింతేమీ లేదు. దానికి పంపు విప్పాల్సిన పనీ లేదు.

పోయిన బలం ముందు రాబట్టాలి

1998 డిసెంబరులో విడుదలైన ఇండికా డీజిల్‌ ఇంజిన్‌ సామర్థ్యం 1,405 సీసీ, బలం దాదాపు 54 హార్స్‌పవర్‌. లక్షల కిలోమీటర్లు తిరిగిన తర్వాత అది పూర్తిగా మిగలదు. పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవడమే అన్నిటికన్నా చవకైన మార్గం.

మొదట గాలి ఫిల్టర్‌ చూడాలి. మట్టి రోడ్లపై తిరిగే బండికి కంపెనీ చెప్పిన గడువు కన్నా ముందే అది పూడుకుపోతుంది. పాత జీపుల్లోని నూనె తొట్టి ఫిల్టర్‌ను కడిగి, గీత వరకే నూనె పోయాలి. తర్వాత డీజిల్‌ ఫిల్టర్‌ మార్చి, అందులో చేరిన నీటిని వదలాలి. ఒకరు పెడల్‌ పూర్తిగా తొక్కి ఉంచితే, మరొకరు పంపు మీది లివర్‌ చివరి వరకు కదులుతోందో లేదో చూడాలి. కేబుల్‌ సాగిన బండ్లలో ఈ ఒక్క సర్దుబాటుతోనే తేడా కనిపిస్తుంది. కొంత దూరం నడిపాక ఒక చక్రం మిగతావాటికన్నా వేడెక్కితే అక్కడ బ్రేకు పట్టేస్తున్నట్లే. క్లచ్‌ జారుతున్నా ఇంజిన్‌ చేసిన పని చక్రాలకు చేరదు.

ఇవన్నీ సరిగా ఉన్నాకే టాపెట్‌ గ్యాప్‌, పంపు టైమింగ్‌, నాజిళ్ల పరీక్షకు వెళ్లాలి. నాజిల్‌ డీజిల్‌ను పొగమంచులా చిమ్మాలి, ధారగా కారితే మసి తప్పదు. పాత పంపుల మీద మైకో అన్న పేరు కనిపిస్తుంది. ఆ సంస్థే 2008లో బాష్‌ లిమిటెడ్‌గా పేరు మార్చుకుంది. పంపు, నాజిళ్లను పరీక్ష యంత్రంపై కొలిచే చోటే సరిచేయించాలి. చివరగా కంప్రెషన్‌ పరీక్ష. నీలిపొగ వస్తూ కంప్రెషన్‌ తగ్గిన ఇంజిన్‌కు బలం పెంచే ఏ ప్రయత్నమైనా దండగే. ముందు దాని రింగులు, బోరు సంగతి చూసుకోవాలి.

స్క్రూ తిప్పితే ఏమవుతుంది?

పంపులో డీజిల్‌ మోతాదును నియంత్రించే స్క్రూ ఉంటుంది. దాన్ని కాస్త తిప్పితే ఖర్చు లేకుండా పికప్‌ పెరిగినట్లు అనిపిస్తుంది. పొగరాని మేరకు ఉన్న కొద్దిపాటి మిగులే అలా దక్కుతుంది. టర్బో లేని ఇంజిన్‌లో గాలి పెరగదు కనుక ఆపైన వచ్చేవి పొగ, వేడి మాత్రమే. అల్యూమినియం 660 డిగ్రీల వద్ద కరుగుతుంది. పిస్టన్‌ తయారయ్యేది దాని మిశ్రమంతోనే. నిండు లోడుతో ఎత్తు ఎక్కుతూ ఎక్కువ డీజిల్‌ మండిస్తే హెడ్‌ గ్యాస్కెట్‌ కాలడం, హెడ్‌ పగలడం, పిస్టన్‌ పట్టేయడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. బీఎస్‌-4కు ముందు తరం డీజిల్‌ వాహనాలకు పొగ పరిమితి 65 హార్ట్‌రిడ్జ్‌ యూనిట్లు. స్క్రూ తిప్పిన బండి ఆ పరీక్షలో నిలవడం కష్టమే.

టర్బో.. ఒక్క వస్తువు కాదు

పొగ గొట్టంలోకి వెళ్లే వాయువుల వేగంతో తిరుగుతూ సిలిండర్లలోకి అదనపు గాలిని నెట్టేదే టర్బో. టాటా సంస్థ అదే 1,405 సీసీ ఇంజిన్‌కు టర్బో, ఇంటర్‌కూలర్‌ జోడించి 2009లో వచ్చిన సూపర్‌ ఏస్‌లో 70 హార్స్‌పవర్‌ రాబట్టింది. బలం పెంచడానికి ఇదే అసలైన దారి అనడంలో సందేహం లేదు. అయితే కర్మాగారంలో పిస్టన్లు, గ్యాస్కెట్‌, నూనె సరఫరా, పంపు మోతాదు అన్నీ ఆ ఒత్తిడికి తగ్గట్టు చూసుకుంటారు. విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్‌ రాణిగంజ్‌లోనో కొన్న పాత టర్బోను అలాగే తగిలిస్తే ఆ ఏర్పాట్లేవీ వెంట రావు. టర్బో బేరింగుకు శుభ్రమైన నూనె నిరంతరం అందాలి. ఆ నూనె అడ్డు లేకుండా కిందికి తిరిగి రావాలి. వేడెక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌ ఉండాలి. రేడియేటర్‌ అదనపు వేడిని తట్టుకోవాలి. ఎత్తు ఎక్కి వచ్చిన వెంటనే ఇంజిన్‌ ఆపకుండా ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచాలి. ఇవన్నీ లెక్క వేస్తే తక్కువ ఖర్చన్న మాటకు అర్థముండదు.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్‌ ప్రకారం రిజిస్ట్రేషన్‌ పత్రంలోని వివరాలు కంపెనీ నిర్దేశించినవాటికి భిన్నంగా మారేలా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్‌ కింద అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు లేదా ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇంజిన్‌ మార్పించుకోవాలనుకునేవారు ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మేలు. పత్రంలోని ఇంజిన్‌ నంబరు, బండిలోని నంబరు వేరైతే పదిహేనేళ్లు దాటిన వాహనానికి రిజిస్ట్రేషన్‌ పునరుద్ధరణలోనూ, ప్రమాదం జరిగితే బీమాలోనూ చిక్కులు వస్తాయి.

దిగేటప్పుడు కావాల్సింది బ్రేకే

మన్ననూరు దాటి నల్లమల మీదుగా శ్రీశైలం వెళ్లే దారిలో ఎంత ఎత్తు ఎక్కుతామో అంత లోతుకు దిగాలి. ఇంజిన్‌ బలం పెరిగినంత మాత్రాన బ్రేకులు పెరగవు. నిండు జనంతో వేగంగా ఎక్కిన బండి మలుపుల్లో దిగుతూ బ్రేకు డ్రమ్ములను వేడెక్కిస్తే పెడల్‌ తొక్కినా పట్టు దొరకదు. అందుకే చేతిలో ఉన్న డబ్బును మొదట బ్రేకులు, టైర్లపై, తర్వాత ఫిల్టర్లు, కేబుల్‌, క్లచ్‌పై, ఆ తర్వాత నాజిళ్లు, పంపుపై వెచ్చించాలి. ఇవన్నీ పూర్తయ్యాక బండిని అదే ఎత్తు మీద మళ్లీ నడిపి చూసుకోవాలి. చాలా బండ్లకు అంతకుమించి అవసరం పడదు.