ఆగింది హీటరు, లోపం వేరేచోట

క్యారవాన్ అంటే మనకు షూటింగు దగ్గర హీరో కోసం ఆగి ఉండే బండి. అమెరికాలో ఆ జాతి బళ్లన్నిటినీ కలిపి ఆర్‌వీ అంటారు. మంచం, వంటగట్టు, బాత్రూము, ఫ్రిజ్జు, ఏసీ, గ్యాసు పొయ్యి అన్నీ చక్రాల మీదే. సొంత ఇంజనుంటే మోటర్‌హోమ్, పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్లేదైతే ట్రెయిలర్. సెలవుల్లో ఒకటి అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కు చుట్టొచ్చే తెలుగు కుటుంబాలు అక్కడ ఉన్నాయి. ఏదైనా పాడైతే వాళ్లు అద్దెకిచ్చినవాడికి ఫోను చేస్తారు, మహా అయితే ఒక రాత్రి హోటల్లో పడుకుంటారు. ఏడాది పొడుగునా అందులోనే కాపురముండేవాళ్లకు ఆ సుఖం లేదు. ఇల్లమ్మేసి తిరుగుతున్న రిటైరైన దంపతులు, మూణ్నెల్లకో ఊళ్లో కాంట్రాక్టు పని చేసే నర్సులు, ల్యాప్‌టాప్ ఉంటే చాలనుకునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, అద్దెలు కట్టలేక చక్రాల మీదికి చేరినవాళ్లు, అందరికీ ఒకటే ఇబ్బంది. బండిని వర్క్‌షాపులో వదిలితే ఇంటిని వదిలినట్టే. బట్టలు, మందులు, పెంపుడు పిల్లి సామాను అన్నీ అందులోనే. సీజన్లో షాపువాళ్లు వారాల తరబడి ఆగమనడం మామూలే.

కొంతకాలం అలా బతికినవాళ్లు ఒక సంగతి పట్టుకుంటారు. ఆర్‌వీలో ఆగిపోయిన వస్తువు చాలాసార్లు బాగానే ఉంటుంది. దానికి అందాల్సినదేదో అందడం లేదంతే. వెతుకులాట ఆ వస్తువు దగ్గర కాక, దానికి సరఫరా ఎక్కడినుంచి వస్తోందో అక్కడ మొదలుపెడితే సగం చిరాకు తగ్గుతుంది, డబ్బూ మిగులుతుంది.

హీటరునే చూద్దాం. అరిజోనా ఎడారిలో క్వార్ట్‌సైట్ అనే చిన్న ఊరుంది. చలికాలం వస్తే దాని చుట్టుపక్కల ప్రభుత్వ భూముల్లో వేలాది ఆర్‌వీలు దిగుతాయి. కరెంటు స్తంభం ఉండదు, కుళాయి ఉండదు. పగలు ఎండ హాయిగా ఉన్నా జనవరి రాత్రులు ఐదారు డిగ్రీలకు పడిపోతాయి. తెల్లవారుజామున మెలకువ వస్తే ఫ్యాను చప్పుడు వినిపిస్తుంటుంది, గాలి మాత్రం చల్లగా తగులుతుంది. హీటరు పోయిందనుకుని కంట్రోలు బోర్డు కొత్తది కొనేస్తారు చాలామంది. అది వేసినా మర్నాడు రాత్రి మళ్లీ అదే కథ.

అసలు జరిగేది ఇది. ఆ హీటరు కాల్చేది ప్రొపేన్ గ్యాసునే అయినా, దాన్ని నడిపించేది 12 వోల్టుల బ్యాటరీ. థర్మోస్టాట్ అడగ్గానే ముందు ఫ్యాను తిరుగుతుంది. ఆ గాలి తోపుకు లోపల పలచటి రేకు ఒకటి పక్కకు ఒరిగి చిన్న స్విచ్చిని నొక్కుతుంది. గాలి సరిగ్గా ఆడుతోందని బోర్డుకు తెలిసేది దాంతోనే. అప్పుడుగాని అది గ్యాసు వాల్వు తెరిచి నిప్పురవ్వ వెయ్యదు. గాలి ఆడని గదిలో మంట వెలగకూడదని పెట్టిన జాగ్రత్త అది. బ్యాటరీ దిగిపోయిన రాత్రి ఫ్యాను తిరుగుతుంది గాని, రేకును ఒరిగించేంత జోరు ఉండదు. స్విచ్చి పడదు, గ్యాసు తెరుచుకోదు. హీటరు తన పని తాను సరిగ్గానే చేస్తోందన్నమాట.

లెక్క వేసినా ఇదే తేలుతుంది. ఆ ఫ్యాను తిరిగే ప్రతి గంటకూ ఏడెనిమిది ఆంపియర్-అవర్లు తాగుతుంది. పది గంటల రాత్రిలో సగం సేపు తిరిగినా 40 దాకా ఖర్చు. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ మీద 100 అని రాసున్నా, సగానికి మించి వాడితే దాని ఆయుష్షు పడిపోతుంది కనుక చేతికొచ్చేది 50. లైట్లు, నీళ్ల పంపు, ఫోన్ల ఛార్జింగు కలిపితే తెల్లారేలోపే ఖాళీ. మల్టీమీటరు పెట్టి చూడండి. నిండు బ్యాటరీ, ఏ లోడూ లేనప్పుడు, 12.6 వోల్టులు చూపిస్తుంది. 12కు వచ్చిందంటే సగం అయిపోయినట్టే. వోల్టేజి బాగుండి కూడా మంట రాకపోతే ఆ రేకుకు దుమ్మో, పెంపుడు జంతువు బొచ్చో అడ్డుపడిందేమో చూడాలి. మట్టి గూళ్లు కట్టే కందిరీగలు పొగ గొట్టాన్ని మూసేయడం కూడా అక్కడ కొత్త విషయమేమీ కాదు. బోర్డు సంగతి ఇవన్నీ అయ్యాకే.

12 వోల్టులు కాక, ఆర్‌వీలో ఇంకో కరెంటు కూడా ఉంటుంది. క్యాంపు గ్రౌండులో ప్లగ్గు పెడితే వచ్చే 120 వోల్టులది. ఏసీ, మైక్రోవేవ్ దానిమీద నడుస్తాయి. కన్వర్టర్ అనే పెట్టె అందులోంచే బ్యాటరీని ఛార్జి చేస్తుంది. చిన్న ఆర్‌వీకి వచ్చే కనెక్షను 30 ఆంపియర్లు, అంటే మొత్తం 3,600 వాట్లు. ఏసీకి దాదాపు 1,500, మైక్రోవేవ్‌కు ఇంకో 1,500, కరెంటు మీద పెట్టిన వాటర్ హీటరుకు 1,400 పైన. మూడూ ఒకేసారి వేస్తే బ్రేకరు పడిపోక ఏం చేస్తుంది? అది రిపేరు కాదు, కూడిక.

దీనికన్నా కనిపించని శత్రువు లో వోల్టేజి. పంట తడి మీదుండగా కరెంటు సన్నగిల్లి మోటారు కాలిపోయిన రైతుకు దీని గురించి వివరించనక్కర్లేదు. మండుటెండలో క్యాంపు గ్రౌండు మొత్తం ఏసీలు ఒకేసారి నడుస్తుంటే 120 ఉండాల్సింది వందకు అటూ ఇటూ ఊగుతుంది. కంప్రెసరు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. ఆ రోజే కాలకపోవచ్చు, ఏ రెండు వేసవుల తర్వాతో పోతుంది, అప్పుడు నింద ఏసీ కంపెనీ మీద పడుతుంది. వోల్టేజి తగ్గగానే లైను కత్తిరించే రక్షణ పెట్టె ఒకటి దొరుకుతుంది. కొత్తగా కాపురం పెట్టేవాళ్లు టీవీకన్నా ముందు కొనాల్సింది అదే.

ఫ్రిజ్జు కథ వేరు. పాత తరహా ఆర్‌వీ ఫ్రిజ్జులో కంప్రెసరే ఉండదు. మంటతోగాని కరెంటు కాయిలుతోగాని వేడి చేస్తే అమ్మోనియా ఆవిరై, చల్లబడి, మళ్లీ నీళ్లలో కలిసి చుట్టూ తిరుగుతుంది. వేడితో చల్లదనం పుట్టించే ఈ తరహా ఫ్రిజ్జును 1922లో స్టాక్‌హోమ్‌లో చదువుకుంటున్న బాల్ట్‌జర్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ మున్టర్స్ అనే ఇద్దరు విద్యార్థులు కనిపెట్టారు. కదిలే భాగాలు లేవు, చప్పుడు లేదు, గ్యాసుంటే అడవిలోనూ నడుస్తుంది. ఒక్కటే షరతు, లోపలి ద్రవం వాలు మీద తనంతట తానే జారాలి. బండిని ఒక పక్కకు వంగిన నేల మీద ఆపి ఫ్రిజ్జు నడిపితే ద్రవం ఒకచోట నిలిచిపోతుంది. కింద మంట ఆగదు కనుక గొట్టం మితిమీరి వేడెక్కి, తుప్పు పట్టకుండా కలిపిన రసాయనం గడ్డకట్టి దారి మూసేస్తుంది. అడ్డు ఒకసారి పడ్డాక ఇక పోదు. వెనక పసుపు మరక, అమ్మోనియా ఘాటు కనిపిస్తే కూలింగు యూనిట్టు మార్చుకోవడమే. ప్రయాణంలో బండి ఊగుతూ ఉంటుంది కాబట్టి ద్రవం కదులుతూనే ఉంటుంది, అసలు చేటు ఆపినప్పుడే. కనుక బండి దిగగానే స్పిరిట్ లెవెల్ పెట్టి చక్రాల కింద చెక్కలు సర్దేవాళ్లను చాదస్తులనుకోకండి. కొత్త ఆర్‌వీల్లో చాలావాటికి 12 వోల్టుల కంప్రెసరు ఫ్రిజ్జులు వస్తున్నాయి. వాటికి ఈ పట్టింపు లేదు, భారమంతా మళ్లీ బ్యాటరీ మీదే.

నీళ్ల విషయంలో రెండు మాటలు చాలు. క్యాంపు గ్రౌండు కుళాయికి ప్రెషర్ రెగ్యులేటర్ లేకుండా పైపు తగిలించకూడదు. మరుగుదొడ్డి ట్యాంకు వాల్వు ఎప్పుడూ తెరిచి ఉంచకూడదు, నీరంతా పోయి ఘనపదార్థం అడుగున పేరుకుంటుంది. ట్యాంకు ఖాళీ చేసినా మీటరు నిండా ఉన్నట్టు చూపిస్తే కంగారొద్దు. లోపలి సెన్సరుకు కాగితం ముక్క అంటుకుని ఉంటుంది. ఆర్‌వీని నిజంగా చంపేది వాననీరు. కప్పు మీద కిటికీలు, గొట్టాల చుట్టూ పూసిన సీలెంటు ఎండకు పగులుతుంది, చుక్క చుక్కగా దిగిన నీరు గోడలోపలి చెక్కను పుచ్చబెడుతుంది. ఏడాదికి రెండుమూడుసార్లు నిచ్చెనెక్కి చూడటం కన్నా చవకైన రిపేరు లేదు.

ఇన్ని తిప్పలేమిటి, ఇల్లు కట్టినట్టు గట్టిగా కట్టొచ్చుగా అని ఎవరికైనా అనిపిస్తుంది. అమెరికాలో ఆర్‌వీల్లో ఎక్కువ భాగం ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కల తయారవుతాయి. ఇవి ఎన్‌ఎఫ్‌పీఏ 1192 అనే ప్రమాణాన్ని అనుసరించే విహార వాహనాలు, కాపురానికి ఉద్దేశించిన ఇళ్లు కావు. ఫ్యాక్టరీలో తయారయ్యే ఇళ్లకు 1976 నుంచి వేరే ఫెడరల్ నియమావళి ఉంది. పైగా కార్ఖానా చేసేది ఎక్కువగా బిగింపు పనే. ఛాసిస్ ఒకరిది, ఫ్రిజ్జు ఒకరిది, ఏసీ ఇంకొకరిది, జనరేటరు మరొకరిది. ఎవరి వారంటీ వాళ్లదే, ఎవరి ఫోను నంబరు వాళ్లదే. శాశ్వత నివాసంగా వాడితే వారంటీ వర్తించదని రాసుకున్న తయారీదార్లూ ఉన్నారు. షోరూములో ఇల్లని చూపించి కాగితంలో విహార వాహనమనడం నాకైతే పచ్చి మోసంలాగే కనిపిస్తుంది. అయినా సంతకం మనదే కాబట్టి చదువుకుని పెట్టాలి.

ఇంత గజిబిజిలో మంచి పరిణామం ఏమిటంటే బండి ఉన్నచోటికే వచ్చి బాగుచేసే సంచార మెకానిక్కులు. ఇల్లు ఖాళీ చెయ్యనక్కర్లేదు. టెక్సస్‌లోని ఏథెన్స్ పట్టణంలో ఇలాంటి మెకానిక్కుల కోసం పెద్ద శిక్షణ సంస్థ ఉంది, అక్కడ యజమానులూ నేర్చుకోవచ్చు. విడిభాగాలు తెప్పించుకోవడం మాత్రం ఇప్పటికీ తలనొప్పే. పార్సిలు రావడానికి పది రోజులు, ప్రభుత్వ భూమిలో చాలాచోట్ల 14 రోజులకు మించి ఉండనివ్వరు, ఈలోపు క్యాంపు గ్రౌండు బుకింగు ముగుస్తుంది. తర్వాత వెళ్లే ఊరి పోస్టాఫీసుకు జనరల్ డెలివరీగా, అంటే మనం వెళ్లి తీసుకునేదాకా అక్కడే ఉంచేలా, పంపమనడం పాతదే అయినా పనికొచ్చే దారి. అసలు నెమ్మది మాత్రం ప్రతి ముఖ్యావసరానికి నాసిరకం రెండోదారి ఒకటి సిద్ధంగా ఉంచుకున్నవాళ్లదే. ఫ్రిజ్జుకు బదులు ఐసు పెట్టె, పంపు ఆగితే రెండు క్యాన్ల నీళ్లు, హీటరు ఆగితే దళసరి దుప్పట్లు. ఆ రాత్రి గడిచిపోతే రిపేరు గురించి పొద్దున్నే ఆలోచించొచ్చు.

చెయ్యి పెట్టకూడనివీ ఉన్నాయి. ఫ్యూజు మార్చడం ఎవరైనా చెయ్యొచ్చు, నీలం రంగుది 15 ఆంపియర్లు, పసుపుది 20. అది మళ్లీ మళ్లీ కొట్టేస్తోందని పెద్దది వేశారంటే మాత్రం వైరు కాలుతుంది. 120 వోల్టుల వైపు తెలిసినవాళ్లకే వదలాలి. గ్యాసు వాసన వస్తే స్విచ్చి ఏదీ ముట్టకుండా అందరూ దిగి, వీలైతే బయట సిలిండరు కట్టేసి, దూరంగా వెళ్లాకే ఫోను తియ్యాలి. కార్బన్ మోనాక్సైడు అలారానికి కాలపరిమితి ఉంటుంది, అది వెనకవైపు రాసుంటుంది. టైర్లదీ అంతే. పక్కన డాట్ అనే అక్షరాల వరసలో చివరి నాలుగంకెలు 2319 అని ఉంటే ఆ టైరు 2019లో 23వ వారం తయారైందని అర్థం. ట్రెయిలరు టైర్లు మీద గాట్లు బాగానే ఉన్నా వయసు మీద పడి పేలుతాయి. అది 100 కిలోమీటర్ల వేగంలో జరిగితే చక్రం పైన ఉన్న నేల, పైపులు, వైర్లు కూడా చీరుకుపోతాయి. పాత ఆర్‌వీ బేరానికి వెళ్లినప్పుడు లోపలి సోఫాలకన్నా ముందు కిందికి వంగి ఆ అంకెలు చదవాలి.