నిన్నటిదాకా బాగానే ఉంది!

సాయంత్రం వేళ మన టౌన్‌షిప్‌లో ఏ వీధిన నడిచినా, ఏదో ఒక క్వార్టరు వరండాలో నుండి పిట్టల కిచకిచలు వినిపిస్తూనే ఉంటాయి. మనం వాటిని 'లవ్ బర్డ్స్' అని పిలుచుకుంటాము. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికా పక్షులు. మన పంజరాలలో ఎక్కువగా కనిపించే ఈ చిన్న చిలుకల పేరు బడ్జీలు. వీటి పుట్టిల్లు ఆస్ట్రేలియా. 1840లో జాన్ గౌల్డ్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు వీటిని సజీవంగా ఇంగ్లండుకు తెచ్చిన తరువాత క్రమంగా ప్రపంచమంతటా పెంపుడు పక్షులయ్యాయి.

చాలా ఏళ్ళ క్రితం మా ఇంట ఒక జంట ఉండేది. ఒక ఆదివారం ఉదయం మగపక్షి పంజరం అడుగున ఈకలు ఉబ్బించుకొని, కళ్ళు మూసుకొని కనిపించింది. వైద్యుని కోసం వెదికేలోపే ప్రాణం విడిచింది. "నిన్నటిదాకా బాగానే ఉంది కదా నాన్నా!" అని మా అమ్మాయి ఏడ్చింది. నేనూ అలాగే అనుకున్నాను. కాని చేతిలోకి తీసుకొని చూస్తే రొమ్ము ఎముక కత్తి అంచులా తగిలింది. ఒక్క రాత్రిలో ఏ ప్రాణీ అంతగా చిక్కిపోదు. అది ఎన్నో రోజులుగా జబ్బుతో ఉన్నది, మేము గమనించలేదు. యంత్రాల నిర్వహణే వృత్తిగా గల నాకు ఆ సంగతి మరింత బాధ కలిగించింది.

జబ్బును దాచే గుణం

గుంపులో నీరసించిన పక్షే ముందుగా డేగ కంట పడుతుంది. అందుచేత ఓపిక ఉన్నంతవరకు ఆరోగ్యంగా ఉన్నట్లే మెలగడం వీటి సహజ స్వభావం. గింజల గిన్నె కూడా మనలను మోసగిస్తుంది. ఇవి కొర్రలను ఒలిచి తిని పొట్టును గిన్నెలోనే వదలుతాయి. పైకి నిండుగా కనిపించే గిన్నెలో గింజే ఉండకపోవచ్చు. రోజూ పొట్టును ఊదివేసి చూడాలి.

బేరింగు మోత పెట్టేదాకా మనం ఆగము. దాని ఉష్ణోగ్రతను, కంపనాన్ని వేళకు కొలిచి లాగ్‌బుక్కులో వ్రాస్తాము. పక్షి విషయంలో ఆ కొలత బరువు. పెరిగిన బడ్జీ సాధారణంగా 30 నుండి 40 గ్రాములు తూగుతుంది. ఒక్కొక్క గ్రాము చూపే వంటింటి ఎలక్ట్రానిక్ తూకం చాలు. ఉదయం మేత వేయకముందు చిన్న డబ్బాలో ఉంచి తూచి, అంకెను వ్రాసుకోవాలి. 3, 4 గ్రాములు తగ్గితే అది శరీరంలో పదోవంతు! పక్షి ఎంత హుషారుగా ఉన్నా వైద్యునికి చూపవలసిందే.

గమనించవలసిన ఇతర లక్షణాలు

1. రెట్ట: పంజరం అడుగున రోజూ కొత్త కాగితం పరచండి. ముదురు ఆకుపచ్చ భాగం, దానిపై తెల్లని భాగం ఉండడం సహజం. నీళ్ళలా మారినా, రక్తం గాని అరగని గింజలు గాని కనిపించినా జబ్బే.

2. శ్వాస: ఊరక కూర్చున్నప్పుడు కూడా ఊపిరితో పాటు తోక పైకీ క్రిందికీ ఊగుతుంటే ఆలస్యం చేయరాదు.

3. ముఖం: తలపై ఈకలకు గింజలు అంటుకొని ఉంటే వాంతులకు గుర్తు. ముక్కు చుట్టూ తేనెపట్టులా పొక్కు కడితే సూక్ష్మమైన పురుగులు కారణం. ఇది చికిత్సకు లొంగుతుంది.

4. ఆడపక్షి అడుగున కూర్చొని ముక్కుతుంటే గుడ్డు అడ్డుపడి ఉండవచ్చు. ఇది ప్రాణాపాయం.

వైద్యునికి చూపేలోపు

జబ్బుపక్షికి మొదటి అవసరం వెచ్చదనం. వేరే పంజరంలో ఉంచి, మూడు ప్రక్కల గుడ్డ కప్పి, సుమారు 30 డిగ్రీల వేడి ఉండేలా చూడాలి. వేడినీటి సీసాను గుడ్డలో చుట్టి ఒక ప్రక్కనే పెట్టండి. వేడెక్కువైతే పక్షి రెండో ప్రక్కకు జరుగుతుంది. రెక్కలు ఎడంగా చాచి నోరు తెరచి రొప్పుతుంటే వేడి తగ్గించాలి. నీరు, గింజలు అడుగున అందుబాటులో ఉంచాలి. బలవంతంగా నోట్లో నీరు పోస్తే ఊపిరి మార్గంలోకి పోతుంది. ఆముదం, బ్రాందీ, మన ఇంట మిగిలిన మాత్రలు వద్దు. వైద్యుని వద్దకు వెళ్ళేటప్పుడు ఆనాటి రెట్ట కాగితాన్ని, బరువుల పుస్తకాన్ని వెంట తీసుకువెళ్ళండి.

రెండు హెచ్చరికలు. నాన్‌స్టిక్ పెనం పొయ్యిపై మాడితే వెలువడే పొగ ఈ పక్షులను నిమిషాలలో చంపగలదు; పంజరాన్ని వంటింట ఉంచకండి. పక్షుల నుండి మనకు సోకే జబ్బులూ ఉన్నాయి. ఇంట ఎవరికైనా జ్వరం, పొడిదగ్గు వస్తే, పక్షులను పెంచుతున్నామని డాక్టరుకు తప్పక చెప్పండి.

మా ఇంట ఇప్పుడు మూడు బడ్జీలున్నాయి. ఆ మధ్య ఒకదాని బరువు 36, 35, 33, ఆపై 32కు దిగింది. పాట మానలేదు, ఆట మానలేదు. అయినా తీసుకువెళ్ళాము. వైద్యుడు రెట్టను సూక్ష్మదర్శినిలో చూసి, పొట్టలో ఒక రకమైన ఈస్టు చేరినదని చెప్పి మందిచ్చారు. కొన్ని వారాలకు మళ్ళీ 35కు చేరింది. అత్తవారింట ఉన్న మా అమ్మాయి ఇప్పుడు ఫోను చేసినప్పుడల్లా పిట్టలు ఎలా ఉన్నాయని అడగదు. ఎంత తూగుతున్నాయని అడుగుతుంది.