బొమ్మల కథ సినిమా అయ్యేదెలా? - దర్శకుడు చేసే పని

మేము బిలాస్‌పుర్ రైల్వే కాలనీలో, దాని చుట్టుపక్కల ఉండే తెలుగు పిల్లలం. బడిలో మాకు హిందీ, ఇంగ్లీషు, సంస్కృతం ఉన్నాయి. తెలుగు మాత్రం ఇంట్లోనే. కొందరికి అమ్మమ్మ పలక మీద దిద్దించింది. కొందరం సెలవులకు విశాఖ వెళ్లే రాత్రి రైల్లో, తెల్లవారేసరికి కనిపించే కొత్తవలస, సింహాచలం బోర్డులు కూడబలుక్కుంటూ నేర్చుకున్నాం. అందుకే మాకు తెలుగు పుస్తకమంటే ముందు బొమ్మ, తర్వాత అక్షరం. పాత చందమామలూ, తెలుగు అమర్ చిత్ర కథలూ చేతులు మారుతూ మా ఇళ్లన్నీ తిరుగుతుంటాయి. ఎవరికైనా బదిలీ అయితే పెట్టెల్లో పట్టని పుస్తకాలు పక్కింటికి చేరతాయి.

గ్రంథాలయ వారోత్సవానికి ఏదైనా చేయమని మేడమ్ అడిగితే మేం నలుగురం ఒకటి అనుకున్నాం. ఏడు చేపల కథను బొమ్మల కథగా వేసి, దాన్నే ఫోనుతో చిన్న సినిమాగా తీయాలని. మాలో ఒకడు బొమ్మలు బాగా వేస్తాడు. ముప్పై రెండు గడుల్లో కథంతా వేసేశాడు. ఇంకేముంది, గడిలో ఉన్నది కెమెరాలో పడితే చాలు కదా అనుకున్నాం. దర్శకుడికి పెద్ద పనేమీ ఉండదనుకున్నాం. తీయడం మొదలుపెట్టిన రోజే మా లెక్క తప్పింది. గడుల్లో లేని చోటే దర్శకుడి అసలు పని మొదలవుతుందని అప్పుడు తెలిసింది. మాకు తెలిసిన ఆ సంగతులే ఈ వ్యాసం.

గడికీ గడికీ మధ్య

ఒక గడిలో రాజకుమారులు చేపలు పట్టుకొస్తున్నారు. పక్క గడిలో చేపలు ఎండలో ఉన్నాయి. మధ్యలో ఏం జరిగింది? చేపలు ఎవరు పరిచారు? ఎంతసేపు పట్టింది? బొమ్మల కథ ఇవేవీ చెప్పదు. చెప్పకపోయినా మనకేమీ లోటనిపించదు. గడికీ గడికీ మధ్య ఉన్న ఆ సన్నని తెల్లని జాగాను చదివేవాళ్లే మనసులో నింపుకుంటారు. నచ్చిన గడి దగ్గర ఆగుతారు, నచ్చనిది దాటేస్తారు. వెనక్కి తిప్పి మళ్లీ చూస్తారు. కాలం పాఠకుడి చేతిలో ఉంటుంది.

సినిమాలో కాలం దర్శకుడి చేతిలోకి వస్తుంది. సెకనుకు 24 బొమ్మల చొప్పున తెర మీద పరుగెడుతుంటే చూసేవాళ్లు ఆపలేరు. ఒక గడిని ఎన్ని సెకన్లు చూపాలి, రెండు గడుల మధ్య నడకను చూపాలా వదిలేయాలా, ఇవన్నీ ఆయన తేల్చాలి. 'పాతాళ భైరవి' (1951), 'మాయాబజార్' (1957) తీసిన కె.వి.రెడ్డి గారు స్టాప్‌వాచ్ పట్టుకుని ఏ సన్నివేశం ఎంతసేపు ఉండాలో ముందే లెక్క కట్టుకునేవారని చెబుతారు. అవి తీసిన విజయా సంస్థ అధిపతులు నాగిరెడ్డి, చక్రపాణి గార్లే 1947 జూలైలో చందమామను మొదలుపెట్టినవారు. ఆ సినిమాలకు కళా దర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్. గోఖలే గారు పేరున్న చిత్రకారుడు. ఘటోత్కచుడి విందు సన్నివేశం చూడండి. లడ్డూలు వాటంతటవే ఎగిరి నోట్లో పడటం బొమ్మగా వేస్తే ఒక్క గడి. తెర మీద అది ఒక వేగంతో, ఒక తాళంతో సాగాలి. లేకపోతే నవ్వు రాదు.

బొమ్మలు వేసిన దర్శకుడు

కామిక్ పుస్తకం నుంచి నేరుగా సినిమా తీయడం తెలుగులో అరుదు. కానీ బొమ్మకూ సినిమాకూ మధ్య దారి ఎలా ఉంటుందో చూడాలంటే మనకు బాపు గారిని మించినవారు లేరు. ఆయన అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ. 1933 డిసెంబర్ 15న నరసాపురంలో పుట్టారు. మద్రాసులో న్యాయశాస్త్రం చదివారు. వకీలు కాలేదు, ఆంధ్ర పత్రికలో కార్టూన్లు వేశారు. ముళ్లపూడి వెంకటరమణ గారు రాసిన బుడుగు ఎలా ఉంటాడో తెలుగువాళ్లందరికీ తెలుసంటే అది బాపు గారి గీత వల్లే.

1967లో రమణ గారి కథతోనే 'సాక్షి' తీసి ఆయన దర్శకుడయ్యారు. ఆ సినిమాను స్టూడియోలో కాకుండా గోదావరి ప్రాంతంలోని పులిదిండి గ్రామంలో తీశారు. షూటింగుకు ముందే సన్నివేశాలన్నీ గడులు గడులుగా బొమ్మలు వేసుకోవడం బాపు గారి అలవాటు. కెమెరా ఎక్కడ ఉండాలి, మనిషి ఏ మూల నిలబడాలి, చెట్టు కొమ్మ ఎంతవరకు కనబడాలి, అంతా కాగితం మీదే తేలిపోయేది. దీన్నే స్టోరీబోర్డు అంటారు. ఒక రకంగా, సినిమా తీయకముందే ఆ సినిమా బొమ్మల కథ తయారైపోతుందన్నమాట.

అయితే అంత బాగా బొమ్మలు వేసే ఆయనకు కూడా బొమ్మతో పని పూర్తయ్యేది కాదు. ఆయన వేసిన రాముడి బొమ్మలు ఎన్నో ఇళ్ల గోడల మీద ఉన్నాయి. బొమ్మలో రాముడు గీత చెప్పినట్టు నిలబడతాడు. 1971లో 'సంపూర్ణ రామాయణం' తీసినప్పుడు శోభన్‌బాబు నిలబడాలి, నడవాలి, మాట్లాడాలి, కన్నీళ్లు పెట్టుకోవాలి. ఎస్.వి.రంగారావు రావణుడిగా రాముడికి దీటుగా ఉండాలి. మాటల బుడగలో రెండు ముక్కలు రాస్తే కామిక్‌కు సరిపోతుంది. సినిమాలో ఆ రెండు ముక్కలు ఏ గొంతుతో, ఎంత మెల్లగా అనాలో కావాలి. కె.వి.మహదేవన్ సంగీతం కావాలి. 1976లో తీసిన 'సీతాకల్యాణం'లో గంగ ఆకాశం నుంచి దిగివచ్చే ఘట్టం ఉంది. కాగితం మీద నాలుగు వంపు గీతలతో గంగ దిగుతుంది. తెర మీద నీళ్లు నీళ్లలాగే దూకాలి. దానికి ఎంతమంది నిపుణులు, ఎన్ని ట్రిక్కు షాట్లు కావాలో ఊహించుకోండి. ఆ సినిమాను 1978లో లండన్, షికాగో చలనచిత్రోత్సవాల్లో ప్రదర్శించారు.

వెలుతురు సంగతీ అంతే. బాపు గారి 'ముత్యాల ముగ్గు' (1975)ను ఛాయాగ్రాహకుడు ఇషాన్ ఆర్య చాలావరకు సహజమైన వెలుతురులో తీశారు. ఆయనకు దానికి జాతీయ పురస్కారం వచ్చింది. ఉత్తమ తెలుగు చిత్రం పురస్కారం కూడా ఆ సినిమాకే. తన మనసులోని బొమ్మను ఇంకొకరి చేతిలో పెట్టి, వాళ్లకూ అదే బొమ్మ కనబడేలా చేయడం దర్శకుడి పనుల్లో అన్నిటికంటే కష్టమైనదేమో. బెంగాలీలో సత్యజిత్ రాయ్ గారు కూడా ఇలాగే చేశారు. 'పథేర్ పాంచాలి' నవల పిల్లల ప్రతికి ముందు ఆయన బొమ్మలు వేశారు. తర్వాత దాన్ని 1955లో సినిమాగా తీసినప్పుడు సన్నివేశాలను నోటుపుస్తకంలో బొమ్మలుగా వేసుకుని, వాటితోనే అందరికీ వివరించారు.

ఏది ఉంచాలి, ఏది మార్చాలి

కామిక్‌ను సినిమాగా తీసే దర్శకుడికి ఇంకో చిక్కు ఉంది. పుస్తకం చదివినవాళ్లు "మా హీరో ఇలా ఉండడు" అంటారు. చదవనివాళ్లు "మాకేం అర్థం కాలేదు" అంటారు. ఇద్దరినీ ఒకే హాల్లో కూర్చోబెట్టాలి.

స్పైడర్‌మ్యాన్‌నే తీసుకోండి. స్టాన్ లీ, స్టీవ్ డిట్కో 1962లో సృష్టించిన ఆ కామిక్‌లో పీటర్ పార్కర్ సాలెదారం చిమ్మే చిన్న యంత్రాలు తనే తయారుచేసి మణికట్లకు కట్టుకుంటాడు. 2002లో సామ్ రైమీ తీసిన సినిమాలో యంత్రాలు లేవు, దారం చేతిలోంచే వస్తుంది. మామూలు స్కూలు కుర్రాడు ఇంట్లో అలాంటి యంత్రం చేశాడంటే తెర మీద నమ్మించడం కష్టమని ఆ మార్పు. 2012లో మార్క్ వెబ్ తీసిన సినిమాలో యంత్రాలు మళ్లీ వచ్చాయి. పీటర్ తెలివైన కుర్రాడని చూపడానికి అవి పనికొచ్చాయి. కామిక్ ఒక్కటే, దర్శకులు ఇద్దరు, నిర్ణయాలు రెండు. రెండిట్లోనూ పీటర్ పీటరే.

టిన్‌టిన్ కథ ఇంకో రకం. ఎర్జే వేసిన ఆ కథలను 2011లో స్టీవెన్ స్పీల్‌బర్గ్ సినిమాగా తీసినప్పుడు మూడు పుస్తకాల్లోని కథలను కలిపి ఒకటిగా అల్లారు. మొదట్లోనే ఒక వీధి చిత్రకారుడు టిన్‌టిన్ బొమ్మ గీసి ఇస్తాడు. ఆ చిత్రకారుడి ముఖం ఎర్జేది, ఇచ్చిన బొమ్మ పుస్తకంలోని పాత బొమ్మ. మార్చేవాడు మూలానికి పెట్టిన దణ్ణం అది.

మరి కామిక్ వేసినవారే దర్శకుడైతే? జపాన్‌లో హయావో మియాజాకి 1982లో 'నౌసికా' అనే బొమ్మల కథ మొదలుపెట్టారు. 1984లో తనే దాన్ని సినిమాగా తీశారు. అప్పటికి కథ పూర్తి కాలేదు. పుస్తకం 1994లో గానీ ముగియలేదు. సొంత కథే అయినా ఆయన మొదటి భాగం మాత్రమే తీసుకుని, సినిమాకు వేరే ముగింపు పెట్టుకోవలసి వచ్చింది. రాసిన చేతికే కోత తప్పలేదు.

మా చీమ

ఇక మా సినిమా సంగతి. బొమ్మలు వేసినవాడి నాన్నగారికి షూటింగు మొదలుకాకముందే రామగుండం బదిలీ అయింది. మాకు బదిలీలు కొత్త కాదు. అయినా ఈసారి మనసు ఒప్పలేదు. మానేద్దామనుకున్నాం. వాడు వెళ్లే రోజు ముప్పై రెండు గడుల కాగితాలు మా చేతిలో పెట్టి, "నేను లేకపోయినా ఇవి ఉన్నాయిగా" అన్నాడు. స్టోరీబోర్డు ఎందుకో మాకు అంత బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు.

అర్పా నది ఒడ్డున ఇసుకలో చేపలు ఆరబెట్టే సన్నివేశం తీశాం. ఏడుగురు రాజకుమారులు కావాలి, మేం మిగిలింది ముగ్గురం. పక్క క్వార్టర్ల పిల్లలు నలుగురు వచ్చారు. పశువుల కాపరి వేషం వేసిన స్నేహితుడికి తెలుగు రాదు. మాట బట్టీ పట్టించబోతే బిగుసుకుపోయాడు. దర్శకత్వం చేస్తున్న అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి, "నీ ఛత్తీస్‌గఢీలోనే చెప్పు" అంది. అంతే, వాడు హాయిగా చెప్పేశాడు. అవ్వగా మా మామ్మ శ్రీకాకుళం యాసలో మాట్లాడింది. గడిలో లేని రెండు యాసలు సినిమాలోకి అలా వచ్చాయి.

అసలు తిప్పలు చీమతో వచ్చాయి. మావాడి బొమ్మలో చీమ పిల్లవాడి ముఖమంత ఉంటుంది, మీసాలు తిప్పుతూ. కామిక్‌లో అది చెల్లుతుంది. ఫోనులో నిజం చీమ చుక్కంత కూడా కనబడలేదు. అట్టముక్కతో పెద్ద చీమ చేస్తే నవ్వులాటగా ఉంది. చివరికి చీమను చూపించకూడదని నిర్ణయం జరిగింది. పుట్టలో పెట్టిన చిట్టి వేలు క్లోజప్‌లో. తర్వాత ఏడుపు. తర్వాత ఖాళీ పుట్ట మీద చీమ గొంతు. ఆ గొంతు మా స్నేహితుడిదే. రామగుండం నుంచి రికార్డు చేసి పంపాడు. మూడుసార్లు పంపాడు; మూడోది సరిపోయింది.

వారోత్సవంలో సినిమా చూపించినప్పుడు ఎనిమిది నిమిషాలు వచ్చింది. తెలుగు రాని పిల్లలు కూడా చీమ దగ్గర నవ్వారు. మా స్నేహితుడికీ పంపాం. "నా చీమను తీసేశారేంట్రా!" అని ముందు అలిగాడు. రెండోసారి చూసి ఫోన్ చేసి, "పోనీలే, బాగానే కుట్టింది" అన్నాడు.

మీరు చేసి చూడండి

మీ దగ్గరున్న ఏదైనా కామిక్‌లో ఒక్క పేజీ తీసుకోండి. ప్రతి గడి పక్కన మూడు సంగతులు రాయండి: ఇది ఎన్ని సెకన్లు ఉండాలి? ఏ చప్పుడు వినబడాలి? దీనికీ తర్వాతి గడికీ మధ్య ఏం జరిగింది? తర్వాత, ఇందులో తెర మీద కుదరనిది ఏదో గుర్తించి, దాని బదులు ఏం చూపాలో ఆలోచించండి. అప్పటికే మీరు సగం దర్శకులు.

చేసిన కాగితాలు పారేయకండి. వచ్చే ఏడాది మనలో ఎవరు ఏ ఊళ్లో ఉంటామో తెలియదు. మా ముప్పై రెండు గడులు మాత్రం బిలాస్‌పుర్‌లోనే ఉన్నాయి. కావలసినవాళ్లు వచ్చి చూడవచ్చు.